ఏ పక్షం?

దిల్‌సుఖ్‌నగర్ పేరులో దిల్ ఫారసీది, సుఖం సంస్కృతానిది. పేరులో రెండూ కలిసే ఉన్నాయి. ఆ చోట కిరాయి గది అడిగితే మాత్రం మా పేరు వినగానే ఖాళీ లేదంటారు. కోచింగుల కోసం జిల్లాల నుంచి వచ్చిన మా పిల్లలు అక్కణ్ణుంచి ఎల్బీనగర్ దాకా టులెట్ బోర్డులు చదువుకుంటూ నడుస్తారు. మొహమాటం లేని ఓనరయితే ఒక ప్రశ్న వేస్తాడు: పాకిస్తాన్‌తో మ్యాచ్ అయితే నువ్వెటు?

ఈ ప్రశ్న మా కోసమే పుట్టింది కాదు. 1570లో పోపు ఐదో పయస్ ఇంగ్లాండు రాణి ఎలిజబెత్‌ని వెలివేసి, ఆమెకు ఎవరూ లోబడనక్కర్లేదన్నాడు. తర్వాతి ఏళ్లలో పట్టుబడ్డ కేథలిక్కుల్ని రాణి మనుషులు అడిగేవాళ్లు: పోపు సైన్యం దండెత్తి వస్తే నువ్వే పక్షం? దానికి నెత్తుటి ప్రశ్న అని పేరు. రాణి పక్షమంటే మతం పోతుంది, పోపు పక్షమంటే తల పోతుంది, నోరు మెదపకపోతే అనుమానం మిగులుతుంది. ఎడ్మండ్ కాంపియన్ అనే ఫాదరీ, ఎలిజబెత్ మా రాణే అని చెప్పాడు. అయినా 1581లో ఉరితీసి ముక్కలు చేశారు. మతం కోసం కాదు, రాజద్రోహం కోసమేనన్నారు. 1585 చట్టంతో ఆ ముసుగూ పోయింది. విదేశంలో కేథలిక్ దీక్ష తీసుకున్న ఇంగ్లీషు ఫాదరీ ఆ గడ్డ మీద కనిపిస్తే చాలు, రాజద్రోహమే.

1605లో కొందరు కేథలిక్కులు పార్లమెంటు కింద మందుగుండు పేర్చిన మాటా నిజమే. మేమూ దాచం. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుల దగ్గర బాంబులు పేలి 15 మందికి పైగా చచ్చిపోయారు. చదువుకోను వచ్చిన పిల్లలున్నారు వాళ్లలో. 2016లో శిక్ష పడ్డవాళ్లవి మా పేర్లలాంటి పేర్లే. ఆ ఉరిశిక్షల్ని 2025లో హైకోర్టు ఖాయం చేసింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల ముందు మాకు ఏ వాదనా లేదు.

మా పేచీ చెయ్యనివాడి గురించి. చేతులు చేసినదానికి సాక్ష్యం దొరుకుతుంది, మనసులో ఉన్నదానికి ఎక్కణ్ణుంచి తేవాలి? 2007 మే 18న మక్కా మసీదులో నమాజుకు పోయినవాళ్లే చచ్చారు. తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే. కోర్టులు వదిలేశాక 2012లో ప్రభుత్వం పరిహారం ఇచ్చి, మంచి నడత సర్టిఫికెట్టూ చేతిలో పెట్టింది. (ఆ సర్టిఫికెట్టు పక్కింటివాడికి ఎందుకు అక్కర్లేదో?) 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది.

తఖ్తుకి ద్రోహమనే మాట ఈ ఊరికీ కొత్త కాదు. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో గద్దారని రజాకార్లు నరికారు. ముస్లింని ముస్లిం పేరు చెప్పుకునేవాళ్లే చంపారు. నెల తిరక్కుండానే పోలీస్ యాక్షన్ వచ్చింది. ఈసారి నిజాం మనుషులని ఊళ్లల్లో మావాళ్లని నరికారు. సుందర్‌లాల్ కమిటీ లెక్క 27 వేల నుంచి 40 వేలు. వాళ్లలో దూదేకినవాళ్లకూ కూలికిపోయినవాళ్లకూ ఆ తఖ్తు ఏం పెట్టిందని? తఖ్తు మీద కూర్చున్న మనిషి మాత్రం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. ఆయన్నెవరూ ఏ పక్షమని అడగలేదు.