నాటకం చూసిన బాకీ

మా అబ్బా దర్జీ. గుంటూరు జిల్లాలో మా ఊరి సెంటర్లో ఒక బడ్డీకొట్టు, అందులో ఒక మిషను. మామూలు రోజుల్లో చొక్కాలూ జాకెట్లూ కుట్టేవాడు. తిరునాళ్ళొస్తే నాటకాల డ్రస్సులు. కృష్ణుడి అంగీకి జరీ ఊడినా, దుర్యోధనుడి పైబట్ట చిరిగినా మా ఇంటికే వచ్చేవి. ఆ జరీ ముక్కలతో ఆడుకుంటూ పెరిగాను నేను. పద్యానికి అర్థం తెలియని వయసులోనే రాయబారం పద్యాల రాగం నాకు తెలుసు.

నాటకం రాత్రి గోనెపట్టా పరుచుకుని ముందు వరసలో కూర్చునేవాళ్ళం. పద్యం బాగుంటే 'వన్స్ మోర్' అని అరిచేవాళ్ళలో అబ్బా గొంతు కూడా ఉండేది. హరిశ్చంద్ర ఆడిన రాత్రి, కాటిసీను నడుస్తుండగా ఫజర్ అజాన్ వినిపించేది. అబ్బా లేచి తువ్వాలు దులుపుకుని మసీదుకు పోయేవాడు. నమాజు చదువుకుని తిరిగొచ్చి మళ్ళీ కూర్చునేవాడు. ఈ రెంటికీ మధ్య ఆయన మనసులో గొడవ ఉన్నట్టు నాకెప్పుడూ కనపడలేదు. గొడవంతా మిగతా వాళ్ళకే ఉండేది.

మసీదు దగ్గర ఒక పెద్దాయన, "తస్బీ తిప్పే చేత్తో కిరీటాలకు గుడ్డ కుడుతున్నావేమయ్యా?" అనేవాడు. నాటకం కమిటీ పెద్దలు ఇంకో రకంగా అనేవారు. "సాయిబువైనా పద్యం బాగా తెలుసయ్యా నీకు!" మెచ్చుకున్నట్టే అనేవారు. పొగడ్తే కదా అని నేనూ పొంగిపోయేవాణ్ణి. ఆ 'అయినా' నా గొంతులో ముల్లులా గుచ్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలుగులో పుట్టి, తెలుగు విని, తెలుగు పద్యానికి తల ఊపేవాడి దగ్గర కూడా 'అయినా' అని ఒక గుమ్మం కట్టి, దాటి రమ్మంటారా?

మసీదు పెద్దాయన ప్రశ్నను నేను తీసిపారేయను. దేవుడి వేషం కట్టడం, దాన్ని చూసి మురవడం తప్పని ఆయన నిజంగానే నమ్మాడు. కానీ నాటకం మనది కాదు అన్న మాట మాత్రం అబద్ధం. పిఠాపురంలో సూఫీ పీఠాధిపతిగా ఉన్న ఉమర్ ఆలీషా తెలుగులో నాటకాలు రాశాడు. 1945లో చనిపోయేదాకా ఆయనను ఎవరి గురువు వాళ్ళకు గురువుగానే చూశారు. పారసీ కంపెనీల నాటకాలకు పేరు తెచ్చిన రచయితల్లో ఆగా హషర్ కాశ్మీరీ ఒకడు. రాసినవాళ్ళం, వాయించినవాళ్ళం, కుట్టినవాళ్ళం, మేలుకుని చూసినవాళ్ళం మనమే అయినప్పుడు అది మనది కాకుండా ఎట్లా పోతుంది?

అసలు చిక్కు ఇక్కడ కాదు. నేను ప్రేమించే రంగస్థలం నన్ను ఎట్లా చూపిస్తోంది అన్నదగ్గర ఉంది.

ఒకసారి ఢిల్లీ సుల్తాను డ్రస్సు కుట్టడానికి వచ్చింది. అప్పటికి నేను హైస్కూలు. సుల్తాను వేషం అంటే ఏముంటుందో నాకు తెలుసు. తాగుతాడు, ఆడవాళ్ళను చెరబడతాడు, వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్విస్తాడు, చివరికి మొక్కుతాడు. రేపు బడిలో ఆ యాసతో నన్నే పిలుస్తారు. "ఎందుకు కుడతావబ్బా ఇది?" అని ఏడుపు గొంతుతో అడిగాను. ఆయన మిషను ఆపలేదు. "నేను కుడితే వాడు సుల్తానులాగన్నా కనపడతాడు బేటా. నేను కుట్టకపోతే లుంగీ కట్టి నిలబెడతారు" అన్నాడు.

అప్పుడది నాకు పిరికితనంగా తోచింది. ఇప్పుడు అట్లా అనలేను. కానీ ఆ జవాబు చాలదని మాత్రం ఇప్పటికీ అంటాను. బట్ట బాగున్నంత మాత్రాన వేషం మారదు.

వేషం ఎట్లా మారుతుంది? వేదం వెంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' 1897 నాటిది. ఢిల్లీ వాళ్ళు ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుపోతారు. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషం వేసి, పంతం పట్టి సుల్తాన్నే బందీ చేస్తాడు. గొప్ప నాటకం. పాత్రకు తగిన భాష పెట్టాలని పట్టుబట్టిన రచయిత ఆయన. ఆ నాటకాన్ని మానెయ్యమని నేననను. కానీ ఆ దారిన నడిచిన చిన్నా చితకా నాటకాల్లో మా భాష ఎప్పుడూ నవ్వులాటకే పనికొచ్చింది. సరిగ్గా 50 ఏళ్ళ తర్వాత, 1947లో, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మా భూమి' రాశారు. తెలంగాణలో విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుల వెంట తిరిగి, గెలిచి, హత్యకు గురైన షేక్ బందగీ కథ దానికి ప్రాణం. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అదే తెలుగు జనం, అదే పెట్రోమాక్స్ దీపం. కానీ ఈసారి సాయిబు కోసం జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఈ మార్పు ఒక్క రచయితల మంచితనం వల్లే వచ్చిందనుకోను. 'మా భూమి'ని జమీందారు పిలిపించి ఆడించలేదు. ఎవరి కథో వాళ్ళే దాన్ని మోశారు. అన్నం పెట్టారు, చోటిచ్చారు, కాపలా కాశారు. నాటకం ఎవరి ఖర్చు మీద నడుస్తుందో వాళ్ళ చూపే స్టేజీ ఎక్కుతుంది.

ఇది మనం చూడని విషయం. తెలుగువాడికి నాటకమంటే ఉచితం. పరిషత్తు పోటీలు ఉచితం, తిరునాళ్ళ నాటకం ఉచితం. చూసేవాడు పైసా ఇవ్వడు కనుక ఇచ్చేవాడు ఇంకొకడుంటాడు. వాడు ఆలయ కమిటీ కావచ్చు, రాజకీయ నాయకుడు కావచ్చు. ఏ నాటకం ఆడాలో, ఎవరు దుర్మార్గుడో వాడి ఇష్టం. బయానా ఇచ్చేది వాడు, మిగతా డబ్బు ఎగ్గొట్టేదీ వాడే. అబ్బా పోయాక ఆయన లెక్కల పుస్తకం చూశాను. మనుషుల పేర్లు లేవు, పాత్రల పేర్లున్నాయి. 'కృష్ణుడు 12 రూ. హరిశ్చంద్రుడు 8 రూ.' అని రాసి, పక్కన 'బాకీ' అని ఉంది. హరిశ్చంద్రుడు మాట తప్పేవాడు కాదు. కమిటీ ఆయనకు ఇవ్వలేదు, ఆయన అబ్బాకు ఇవ్వలేదు. నేను మాత్రం అన్ని రాత్రులూ ముందు వరసలో కూర్చుని సుఖంగా చూశాను. ఆ బాకీలో నాకు వాటా లేదా?

సురభి వాళ్ళను చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన కుటుంబాల నాటకం. తాతలూ మనవలూ ఒకే తెర వెనక పెరిగారు. టిక్కెట్టు అమ్మి బతికారు. మాయాబజార్ చూసి నోళ్ళు తెరిచిన మనం, 2020లో కరోనా వచ్చి తెరలు మూతపడినప్పుడు వాళ్ళు ఏం తిన్నారని ఎంతమందిమి అడిగాం?

చప్పట్లు ఎంతవరకు వెంట వస్తాయో షేక్ నాజర్‌ను అడగాలి. పొన్నెకల్లులో పుట్టినవాడు. తెలుగు దేశమంతా బుర్రకథ చెప్పినవాడు. పల్నాటి వీరులూ బొబ్బిలి వీరులూ ఆయన గొంతులో లేచి నిలబడ్డారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో వెళ్ళిపోయాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. దూది ఏకి బతికే కులం పేరు అది. ఆ మాటను మన ఊళ్ళలో తిట్టుగా వాడతారు. మనలో షేకులమనీ సయ్యదులమనీ చెప్పుకునేవాళ్ళు కూడా వాడతారు. ఆ తిట్టునే ఆయన తన పుస్తకం నెత్తిన పెట్టుకున్నాడు. స్టేజీ మీద నాయకుడికి దండ వేసి, దిగాక పింజారి అనడం కళాభిమానమా?

ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. చంద్రమతి ఏడిస్తే ఏడ్చిన ఊరే, ఆ వేషం వేసినామెకు ఇల్లు అద్దెకివ్వదు. ఆ విషయంలో మన బజారూ వాళ్ళ బజారూ ఒక్కటే.

బాకీ తీర్చిన ప్రేక్షకులు కూడా ఉన్నారు. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన ఝండాపూర్‌లో 'హల్లా బోల్' వీధినాటకం ఆడుతున్న సఫ్దర్ హష్మీ బృందం మీద దాడి చేశారు. రామ్ బహదూర్ అనే కార్మికుడు చనిపోయాడు. మర్నాడు సఫ్దర్ చనిపోయాడు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, ఆ బృందం అదే చోటికి వెళ్ళి ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. జనం మళ్ళీ వచ్చి చూశారు. రామ్ బహదూర్, సఫ్దర్ హష్మీ. ఆ రెండు పేర్లనూ ఇప్పుడు విడదీసి చూడమనేవాళ్ళు ఉన్నారు గనుక గుర్తు చేస్తున్నాను. ఆ రోజు వచ్చి కూర్చోవడమే ఆ జనం ఇచ్చిన టిక్కెట్టు.

మన వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మనల్ని చెడ్డగా చూపిస్తున్నారని నాటకానికి వీపు తిప్పితే, మన వేషం ఖాళీగా ఉండదు. ఇంకొకడు వేస్తాడు, వాడికి నచ్చినట్టు వేస్తాడు. మన పిల్లలు రాయాలి, వెయ్యాలి. మనం టిక్కెట్టు కొనాలి. ఉరుసుకు ఖవాలీ పిలిచే కమిటీ, ఒక రాత్రికి ఒక మంచి నాటకాన్ని కూడా పిలవాలి. పిలిచాక మాట్లాడుకున్న డబ్బు పూర్తిగా ఇవ్వాలి.

సెక్యులర్ మిత్రులకు ఇంకొకటి చెబుతాను. మీ నాటకంలో మాకోసం ఒక మంచి పఠాను వేషం పెట్టనక్కర్లేదు. ప్రాణమిచ్చే మంచి సాయిబు కూడా మాకు ఇరుకే. అప్పు చేసే సాయిబును, అలిగే సాయిబును, పద్యం పాడి రాగం తప్పే సాయిబును రానివ్వండి. స్టేజీ దిగాక అతనికి మీ వీధిలో ఇల్లు అద్దెకివ్వండి.

నాటకం చూసి ఆనందించడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మసీదు అనుమతీ వద్దు, కమిటీ 'అయినా' వద్దు. కానీ ఆనందించి లేచిపోతే సరిపోదు. అబ్బా పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో బాకీలు ఆ నటులవి కావు, వాళ్ళను చూసినవాళ్ళవి.