ఊరికే తీసుకోవచ్చా?

"ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోవద్దు బిడ్డా." మా అమ్మమ్మ ఎప్పుడూ చెప్పే మాట ఇది. ఆమె నలభై ఏళ్లు బీడీలు చుట్టి మా అమ్మను, మామయ్యను పెంచింది. కిరాణా దుకాణంలో కూడా ఎన్నడూ బాకీ పెట్టలేదు. అందుకే ఆ మాటను నేను గట్టిగా నమ్మాను.

నిరుడు నా స్నేహితురాలు వాళ్ల అక్క చదివిన గైడు తెచ్చి నాకు ఇవ్వబోయింది. "మేమేం అడుక్కునేవాళ్లం కాము" అన్నాను. ఆమె ఏమీ అనకుండా గైడును సంచిలో పెట్టుకుంది. తర్వాత మా మధ్య మాటలు తగ్గాయి. నేను చేసింది తప్పు అని మాత్రం అనుకోలేదు.

ఈ ఏడు అమ్మమ్మ పండరీపురం వారీకి బయలుదేరింది. సాస్వడ్ దాకా నేనూ వెంట నడిచాను. జ్యేష్ఠ బహుళ అష్టమి నాడు జ్ఞానేశ్వర మహారాజ్ పాదుకలతో పల్లకి ఆళందిలో బయలుదేరుతుంది. ఆషాఢ ఏకాదశికి పండరీపురం చేరుతుంది. దారి దాదాపు 250 కిలోమీటర్లు. నడిచేవాళ్లు దిండీలుగా, అంటే జట్లుగా నడుస్తారు. ప్రతి దిండీకి ఒక నంబరు ఉంటుంది. ముందు తాళాలు, మృదంగం, తలపై తులసికోటలు పెట్టుకున్న ఆడవాళ్లు. సామాను లారీలో వస్తుంది. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ ఒకరినొకరు 'మౌలీ' అని పిలుచుకుంటారు. మౌలి అంటే తల్లి. ఒక ముసలి తాత నన్ను మౌలీ అని పిలిచి నా కాళ్లకు దండం పెడితే నాకు ఎటు చూడాలో తెలియలేదు.

ఆళంది నుంచి పుణే చేరేసరికే నా కాళ్లకు బొబ్బలు వచ్చాయి. దారి పొడుగునా జనం చాయ్, అరటిపండ్లు, చిక్కీలు ఇస్తున్నారు. కొందరు కాళ్లు కూడా పడుతున్నారు. అమ్మమ్మ ఏదీ తీసుకోలేదు. "దిండీకి పైసలు కట్టినం. మనం ఎవరికీ బాకీ లేము" అంది. తన సీసాలో నీళ్లే తాగింది. ఆమెను చూసి నేనూ చేయి చాపలేదు.

పుణేలో రెండు రాత్రులు ఆగి సాస్వడ్‌కు బయలుదేరాం. ఆ రోజు 30 కిలోమీటర్లకు పైగా నడక, మధ్యలో దివే ఘాట్ ఎక్కాలి. హడప్సర్ దాటాక అమ్మమ్మ చెప్పు తెగింది. రోడ్డు పక్కన ఒకాయన గొనెసంచి పరుచుకుని వారకరీల చెప్పులు కుడుతున్నాడు. అమ్మమ్మ చెప్పు కూడా కుట్టి ఇచ్చాడు. ఆమె పది రూపాయలు తీసింది. ఆయన చేతులు జోడించి మరాఠీలో అన్నాడు: "వద్దు మౌలీ. నాకు దుకాణం వదిలి రావడం కుదరదు. నా కుట్టు మీతో పండరీపురం దాకా వస్తుంది."

అమ్మమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఘాట్ ఎక్కుతుంటే వాన మొదలైంది. పై మలుపు నుంచి కిందికి చూస్తే రోడ్డే కనబడలేదు, అంతా మనుషులే. అక్కడ ఒకావిడ భాకరీ విరిచి సగం అమ్మమ్మకు ఇచ్చింది. అమ్మమ్మ తీసుకుంది!

"ఊరికే తీసుకున్నావు కదా?" అని అడిగాను.

"నేను తీసుకోకుంటే ఆమె వారీ ఎట్లయితది?" అంది.

ఇంటికి వచ్చాక ఈ మాట గురించి చాలా ఆలోచించాను. మరి అమ్మమ్మ పాత నియమం తప్పా? తప్పని నేను అనను. ఇచ్చి పదిమందిలో చెప్పుకునేవాళ్లను, ఇచ్చి తర్వాత వెట్టి పని చేయించుకునేవాళ్లను ఆమె జీవితంలో చూసింది. అలాంటి చోట వద్దు అనడమే మర్యాద. వారీ దారిలో కూడా ఒకచోట రెయిన్‌కోటు చేతిలో పెట్టి, బ్యానర్ ముందు నిలబెట్టి ఫోటోలు తీశారు. అమ్మమ్మ అక్కడ ఆగలేదు. వానలో తడిసే నడిచింది. ఆమె నియమం పూర్తిగా పోలేదు. ఇచ్చేవాడు మనల్ని తక్కువ చేస్తున్నాడా లేదా అని చూసి తీసుకుంటోంది, అంతే.

నా స్నేహితురాలు ఫోటో తీయలేదు, ఎవరికీ చెప్పలేదు. నన్ను తక్కువ చేయలేదు. నేనే నన్ను తక్కువ అనుకున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. పరీక్షలో పక్కవాళ్లకు పెన్ను ఇస్తే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో నాకు తెలుసు. ఆ సంతోషం నాకు కావాలి గాని, నా విషయంలో ఇంకొకరికి దక్కకూడదా? ఎప్పుడూ ఇస్తాను, ఎన్నడూ తీసుకోను అనడంలో కొంత గర్వం ఉందని నాకిప్పుడు అనిపిస్తోంది.

బడికి వచ్చిన రోజే ఆమె దగ్గరికి వెళ్లి, "ఆ గైడు ఇంకా ఉందా?" అని అడిగాను. వేరే అమ్మాయికి ఇచ్చేసిందట. నా ముఖం చూసి నవ్వింది. "పదో తరగతిది ఉంది, రేపు తెస్తాలే" అంది. మర్నాడు తెచ్చింది. రెండు చేతులతో తీసుకున్నాను.