నవ్వు ఎవరి పక్షము?

ఒక క్రిస్మస్ సెలవులలో బెంగుళూరునుండి కామసముద్రమునకు వచ్చిన మా మనుమడు తన చేతి ఫోనులో ఒక చలనచిత్రము చూచుచుండెను. దాని పేరు ‘టెర్రిఫయర్ 3’. డేమియన్ లియోన్ అను దర్శకుడు తీసిన ఈ అమెరికను చిత్రము 2024 అక్టోబరులో విడుదలయినది. 2016, 2022 సంవత్సరముల నాటి చిత్రములకు ఇది కొనసాగింపు. ముఖమునకు తెల్లరంగు పూసికొని, ఒక్క మాటయు పలుకని ‘ఆర్ట్’ అను బఫూను ఇందు హంతకుడు. ఈ పర్యాయము వాడు క్రిస్మస్ తాత వేషమున వచ్చును. పసివారిని సైతము విడువడు. మనుష్యులను ముక్కలుగా నరకుచు, నడుమ నడుమ చేష్టలతో నవ్వించును. ఫ్రాన్సు దేశమున 18 ఏండ్లలోపు వారికి దీని ప్రదర్శనమును నిషేధించిరి.

నేను ముఖము త్రిప్పుకొంటిని. అది చూచి మనుమడు, “తాతా, జాతర నాటకంలో నరసింహస్వామి పేగులు తీసి మెళ్లో వేసుకుంటే హారతి పడతారు. ఇది చూస్తే అసహ్యమంటారు. రెండింటికీ తేడా ఏమి?” అనెను. నాకు వెంటనే బదులు తోచలేదు.

అది భక్తి, ఇది పరదేశపు జాడ్యము అని త్రోసివేయుట సులభము. కాని ఆ మాట నిలువదు. ఘోరమును చూడవలెనను కోరిక ఏ ఒక్క జాతి సొత్తును కాదు. ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథమున లియాంటియస్ అను వాని కథ చెప్పెను. వధ్యస్థానమున పడియున్న శవములను చూడవలదని అతడు కన్నులు మూసికొనెను. కోరిక జయింపగా తుదకు పరుగెత్తి పోయి చూచెను, తన కన్నులనే తిట్టుకొనెను. మన భరతముని సైతము బీభత్సమును రసములలో నొకటిగా నంగీకరించెను. అయినను మరణమును రంగముపై ప్రత్యక్షముగా చూపుటకు ఆయన సమ్మతింపలేదు.

“అదంతా రంగు, రబ్బరు” అని మనుమడు సమర్థించెను. అది సత్యమే. ఆ పనిలో నేర్పు కలదు. ప్రమాదము లేని చోట కూర్చుండి భయపడి, పిదప తేలికపడుటయు ఒక సుఖమే. అట్టి చిత్రము చూచిన వారందరు క్రూరులగుదురనుట అన్యాయము.

అయితే మన ప్రాంతమునకు వేరొక స్మృతి కలదు. మనకు సమీపముననే కోలారు బంగారు గనులుండెను. 1880 ప్రాంతమున జాన్ టేలర్ కంపెనీ ఆరంభించిన ఆ పని 2001 ఫిబ్రవరి 28న ముగిసినది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగినది. అంత లోతున రాయి ఒత్తిడికి తాళలేక ఒక్కసారిగా పేలెడిది. పనివారు దానిక్రింద నలిగెడివారు. షాఫ్టు ముఖద్వారమున శవముకొరకు వేచిన ఇంటివారికి ఛిద్రమైన శరీరము వినోదము కాదు. అయినను గనివారి కుటుంబములు నాటకములు చూచినవి, నవ్వినవి. కనుక తప్పు రక్తమును చూపుటలో లేదు.

మరి ఎక్కడ? నవ్వులోనున్నదని నా నమ్మకము. తోలుబొమ్మలాటలో కేతిగాడున్నాడు. వాని మాట మోటు, చేత మోటు. కాని వాడు దెబ్బలు తినువాడు. సంస్కృత నాటకములోని విదూషకుడు రాజు చెంతనుండియు బలవంతుడు కాడు. సర్కసు బఫూను జారిపడి నవ్వించును. ఈ మువ్వురిలో ఎవరిని చూచి నవ్వినను మన నవ్వు పడినవాని ప్రక్కన నిలుచును. ఆర్ట్ ఆ వేషమును దొంగిలించి నవ్వును కొట్టువాని చేతికిచ్చెను.

“నీవు ఎక్కడ నవ్వితివి నాయనా?” అని అడిగితిని. మనుమడు కొంతసేపు ఆలోచించి, “వాడు చంపేటప్పుడే తాతా” అని మెల్లగా అనెను.

రెండవ భేదము ముగింపులో నున్నది. హిరణ్యకశిపుని వధతో ప్రహ్లాదచరిత్ర ముగియదు. దేవతలకును, లక్ష్మీదేవికిని దాపునకు పోరాని ఆ కోపమును చల్లార్చినవాడు ఒక బాలుడు. రక్తము పిదప శాంతి రావలెనని ఆ కథ కోరును. ఈ చిత్రమున పసివాడు చల్లార్చువాడు కాడు, బలియగువాడు. పైగా సుమారు 20 లక్షల డాలర్లతో తీసిన చిత్రము 9 కోట్ల డాలర్ల వరకు ఆర్జించినది. అంత ఆర్జించు హంతకుని చావనిత్తురా? వాడు మరల లేవవలెను, మరియొక ఇల్లు చొరవలెను. అట్టి కథలో బాధపడినవారికి న్యాయము లేదు. వారు ముడిసరుకు మాత్రమే.

ఫోను లాగికొనుట నా ఉద్దేశము కాదు. లాగికొన్న చేతికి ఆ పిల్లవాని మనస్సు అందదు. మన గనుల నేలపై జాతరయు, క్రిస్మస్సును ఇరుగుపొరుగున జరిగినవి. క్రిస్మస్ తాత మనకును పరాయివాడు కాడు. ఏ పండుగనాడు ఏ ఆట చూచినను, “ఇప్పుడు నా నవ్వు ఎవరి పక్షమున నున్నది?” అని తన్ను తాను అడుగుకొను అలవాటును పిల్లలకు నేర్పుదము. మొదట మనము నేర్చికొందము. వాడు ఆ చిత్రమును తుదివరకు చూచెనో లేదో నేనడుగలేదు.