మరుభూమియు, నాదతృష్ణయు

1962లో డేవిడ్ లీన్ దర్శకత్వమున వెలువడిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చిత్రమును దర్శకుడు సంకల్పించిన రీతిని చూడగలిగినవారికి తొలుత గోచరించునది ఎడారి కాదు, చీకటి. నాలుగు నిమిషములకు పైగా తెరపై ఏ రూపమును లేకుండ వాద్యబృందము మాత్రమే మ్రోగును. భేరీధ్వానముతో మొదలిడి, తంత్రీవాద్యములు కెరటమువలె పైకి లేచి, కన్నులింకను కాంచని యిసుకతిన్నెలను చెవులకు ముందుగా చూపును. ప్రేక్షకులు వచ్చి కూర్చుండువరకు ఇట్టి పూర్వరంగమును వాయించుట ఆనాటి పెద్ద చిత్రములకు ఆచారమే. ఐనను రూపమునకు ముందు శబ్దము జనించుట మన శాస్త్రముల పరిచయము గలవానికి ఆచారమాత్రముగ తోపదు. తైత్తిరీయోపనిషత్తు తెలిపిన సృష్టిక్రమమున ఆత్మనుండి మొదట వెలువడినది ఆకాశము. రూపము గల అగ్ని పిదప గాని రాదు. ఆ యాకాశమునకు శబ్దమే గుణమనియు, అది యొక్కటియై, సర్వవ్యాపియై, నిత్యమై యున్నదనియు ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున నిరూపించెను. శబ్దము మాత్రము నైయాయికుల మతమున అనిత్యము. కెరటము కెరటమును కన్నట్లు సాగి, చెవిని చేరి, నశించునది. నశించు స్వరము అంతులేనిదానిని తెలుపుట యెట్లు? ఈ ప్రశ్న గ్రంథముల యెదుట కంటె ఈ చిత్రము నెదుట నన్నెక్కువగ కలచినది.

సంగీతకర్త మారిస్ జార్ 1924లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున జన్మించి, పారిస్ కన్సర్వేటరీలో తాళవాద్యముల నభ్యసించినవాడు. ఇంత విస్తారమైన రచనను ఆయన ఆరు వారముల స్వల్పవ్యవధిలో పూర్తిచేయవలసివచ్చెను. దానికే ఆస్కారు బహుమానమును పొందెను. లండన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందపు తంత్రుల నడుమ ఓండ్ మార్తెనో అను విద్యుద్వాద్యమును గూడ ఆయన నిలిపెను. అది గాలి యూళయో, మనుష్యకంఠమో తేల్చుకొనలేని స్వరముతో పలుకును. ఎడారిలో దూరమును కొలుచుటకు కంటికి గుర్తులు దొరకనట్లే, ఆ స్వరము ఎక్కడనుండి వచ్చుచున్నదో చెవికి గుర్తు దొరకదు.

చిత్రమున అందరును స్మరించు ఘట్టమొకటి కలదు. కైరోలోని గదిలో కథానాయకుడు లారెన్సు వెలుగుచున్న అగ్గిపుల్లను నోటితో ఊదును. ఆ యూపిరితోనే గది మాయమై, ఎఱ్ఱని దిగంతము ప్రత్యక్షమై, సూర్యబింబము మెల్లగా పొడమును. స్వరములును దానితోబాటు క్రమక్రమముగ పెరిగి, ఒంటెలు ఇసుకతిన్నెలపై నడచువేళకు ప్రధానగీతము నిండు వెల్లువయై పొరలివచ్చును. వ్రేళ్లసందున అణగిన నిప్పే ఆకసమున ఉదయించినట్లు తోచు ఆ క్షణమున నా మనస్సు పొందిన విస్మయము నేటికిని తరుగలేదు.

కాని ఆ గీతము ఎవరిది? ఎడారిది కాదని నా యభిప్రాయము. ఎడారివాసులైన బెదూయినుల గుడారములలో పలుకునది ఒంటితీగ గల రబాబా. ఈ మహావాద్యఘోషను వారెన్నడును అక్కడ వినియుండరు. పైగా చిత్రములోనే ఫైసల్ రాజకుమారుడు లారెన్సుతో ఎడారిని వలచుట ఆంగ్లేయుల గుణమనియు, అరబ్బులు వలచునది నీటిని, పచ్చని చెట్లను అనియు స్పష్టముగ చెప్పును. శూన్యమును కోరుట నీరు నిండిన దేశమున పుట్టినవానికి గాని సాధ్యము కాదు కాబోలు. మన భాష ఎండమావికి పెట్టిన సంస్కృతనామము మృగతృష్ణ. అందు నీటి పేరు లేదు, ఇసుక పేరు లేదు, ఎండ పేరును లేదు. ఉన్నది మృగము యొక్క దప్పిక మాత్రమే. కనబడుదానిని విడిచి, చూచువాని కాంక్షకే పేరు పెట్టిన ఆ ప్రాచీనుని సూక్ష్మదృష్టికి నమస్కరింపవలెను. జార్ గీతమును నేనట్లే వినుచున్నాను: అది మరుభూమి వర్ణనము గాదు, లారెన్సు తృష్ణ. అది అంత మధురముగ నుండుటయే దానిలోని ప్రమాదము. వాని దప్పిక మనదై, వాని వెంట మనమును పరుగెత్తుదుము.

ఐనచో ఎడారి యెక్కడ వినబడును? బావి ఘట్టమున. అచట సంగీతము లేదు. దిగంతమున నీటివలె వణకు వేడిగాలిలో నల్లని చుక్క పుట్టును. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ 482 మిల్లీమీటర్ల ప్రత్యేక కటకముతో పట్టిన ఆ చుక్క ఎంతసేపటికిని దగ్గరకు రానట్లే యుండి, ఒంటెపై మనుష్యుడగును. ఒక్క స్వరము పలికినను వచ్చువాడు మిత్రుడో శత్రువో మనకు తెలిసిపోవును; స్వరములు మౌనము వహించినందున లారెన్సుతోడను, దారిచూపు తఫాస్‌తోడను మనమును అజ్ఞానమున నిలుతుము. పిదప తుపాకి మ్రోగును, తఫాస్ కూలును. వేదాంతులు ఎండమావి నీటిని జ్ఞానముచే బాధింపబడు మిథ్యకు ఉదాహరణముగ చూపుదురు. దగ్గరకు పోయిన నీరు లేదు. ఇచట మిథ్య యనుకొన్నదే దగ్గరకు వచ్చి, పరుల బావినీరు త్రాగినవానిని చంపినది. దప్పికకు పాట గలదు. దప్పికను లెక్కచేయని భూమికి ఏ పాటయు లేదు. శాఖను చూపి చంద్రుని చూపు న్యాయమొకటి మనకు కలదు: కొమ్మ చంద్రుడు కాదు, చూపు చంద్రునిపై నిలిచిన పిదప కొమ్మతో పనిలేదు. అనిత్యమైన స్వరము చేయగలిగినది అంతయే. సరియైన చోట తొలగుటయే దాని ఘనత. అంతసేపు స్వరములచే పూరింపబడిన చెవికి గాని ఆ నిశ్శబ్దము పరిమాణము తెలియదు.

నెఫూద్ ఎడారిలో వెనుకబడిన అనుచరుడు గాసిమును రక్షించుటకు లారెన్సు ఒంటరిగ వెనుకకు మరలి, వానిని తెచ్చునపుడు ఆ ప్రధానగీతము విజయఘోషమై పెల్లుబుకును. నా కన్నులు ప్రతిసారియు చెమర్చును. అకాబా పట్టణము ముందట, తెగల వైరమును ఆపుటకై, అదే గాసిమును అతడు తన చేతితోనే కాల్చును. చిత్రాంతమున మోటారుబండిలో స్వదేశమునకు మరలుచు, దారిలో ఒంటెలపై పోవు అరబ్బులను చూచి అతడు ఆసనమునుండి లేచి నిలుచును. బండి ఆగదు. వారు వెనుకబడుదురు, మోటారుసైకిలొకటి ముందునకు దూసుకొనిపోవును, ధూళి కప్పిన అద్దము వెనుక అతని ముఖము మనకు కానరాదు.