ప్రక్క గదిలోని డొరతీ



మన సంఘములలో విలియం కేరీ పేరు వినని పిల్లవాడు ఉండడు. చెప్పులు కుట్టుకొని బ్రదికిన మనిషి, శ్రీరాంపూరు, అచ్చుయంత్రము – ఇవన్నీ సండే స్కూలు నాటినుండి మనకు తెలిసినవే. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది ఆ శ్రీరాంపూరు అచ్చుకూటము నుండే గనుక మనకు ఆయనతో ఒక విధమైన బంధుత్వము కూడ ఉన్నది. అయితే ఆయన భార్య పేరేమిటి? మొన్న మా స్త్రీల సమాజ కూటములో అడిగి చూశాను. ఒక్కరును చెప్పలేదు. నేను ఎవరినీ తప్పుపట్టను. ఇన్నేండ్లు డీకనుగా ఉన్న నాకే చాల ఆలస్యముగా తెలిసింది.

ఆమె పేరు డొరతీ. 1781లో కేరీని పెండ్లాడిన నాటికి ఆమెకు సంతకము చేయుట రాదు. పెండ్లి పుస్తకములో గీత గీసింది. ఇంగ్లాండులోనే ఇద్దరు ఆడబిడ్డలను పోగొట్టుకొన్నది. 1793లో భర్త ఇండియాకు ప్రయాణము కట్టినప్పుడు ఆమె నిండు గర్భిణి. నేను రాను అన్నది. కేరీ పెద్ద కుమారుని మాత్రము తీసుకొని బయలుదేరాడు. అనుమతి పత్రముల చిక్కు వచ్చి ఆ ఓడ వారిని దింపివేసింది. ఇంతలో ఆమె ప్రసవించింది. కేరీ, ఆయన సహచరుడైన డాక్టరు జాన్ థామస్ మరల వచ్చి అడిగారు. ఆమె మరల కాదన్నది. థామస్ తిరిగి వెనుకకు వెళ్ళి, ఇప్పుడు రాకపోతే నీ కుటుంబము శాశ్వతముగా చెదరిపోతుంది, బ్రదికినంత కాలము పశ్చాత్తాపపడతావు అని చెప్పాడు. అప్పుడు ఒప్పుకొన్నది, అదియును చెల్లెలు తోడు వస్తేనే. కొన్ని వారముల పసికందుతో ఓడ ఎక్కింది.

ఆ మాటను ఒకసారి నెమ్మదిగా ఆలోచించండి. అది పిలుపా, బెదిరింపా?

కలకత్తా చేరిన తరువాత డబ్బు లేదు, ఇల్లు లేదు. సుందరవనములలో కొన్ని నెలలు గడిచాయి. ఆమెకును పెద్ద కుమారునికిని రక్త విరేచనములు విడువలేదు. తోడు వచ్చిన చెల్లెలు అక్కడే పెండ్లి చేసుకొని ఆగిపోయింది. 1794లో ముద్నాబాటి నీలిమందు కార్ఖానాకు మారిన కొద్ది నెలలకే అయిదేండ్ల పీటరు చనిపోయాడు. ఆ తరువాత డొరతీ మనస్సు తిరిగి కుదుటపడలేదు. భర్త పరస్త్రీలతో పోతున్నాడని నమ్మింది. వీధిలో వెంబడించి కేకలు వేసింది. కత్తి ఎత్తిన సందర్భములు కూడ ఉన్నాయి. ఆమెను గదిలో ఉంచి తాళము వేయవలసి వచ్చింది. 1807 డిసెంబరు 8న జ్వరముతో మరణించే వరకు, అంటే దాదాపు పన్నెండు సంవత్సరములు, ఆమె బ్రదుకు అదే. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయింది. అంటే కేరీ కలము నడుస్తున్నప్పుడు గోడకు అవతల ఆమె కేకలు వేస్తూ ఉన్నది.

1800 డిసెంబరులో కృష్ణపాల్ బాప్తిస్మము పొందిన దినమును మన చరిత్ర పుస్తకములు ఎంతో సంతోషముగా వ్రాస్తాయి. ఆ దినమున ఒక గదిలో డొరతీ, మరొక గదిలో మతి చలించిన ఆ థామస్ డాక్టరే. కృష్ణపాల్ కీలు తప్పిన భుజమును సరిచేసినవాడు కూడ ఆయనే. బయట కీర్తన, లోపల ఇద్దరి అరుపులు. మనము బాప్తిస్మములు లెక్కపెట్టే జనము. 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది అని ఇప్పటికీ గర్వముగా చెప్పుకొంటాము, చెప్పుకోవలసినదే. ప్రక్క గదులలోని వారిని మాత్రము లెక్కలోనికి తీసుకోము.

కేరీని నిందించుట నా ఉద్దేశము కాదు. ఆయన ఆమెను పిచ్చాసుపత్రికి పంపివేయలేదు, ఇంటిలోనే ఉంచుకొన్నాడు. అప్పటికి ఆ రోగమునకు మందు లేదు. మనస్సు చెదరినవారికి నిజముగా పనిచేసిన మొదటి మాత్ర 1952లో గాని వైద్యుల చేతికి రాలేదు. ఆయనకు లేని దారి మనకు ఉన్నది. గనుక డొరతీ విషయములో కేరీ చెప్పవలసిన లెక్కకంటె మనము చెప్పవలసిన లెక్క పెద్దది అని నాకు తోచుచున్నది.

ఇది వ్రాయుటకు నాకు అర్హత ఉన్నదో లేదో పాఠకులే చెప్పవలెను. మా తాతగారు చిత్తూరు జిల్లానుండి కోలారు బంగారు గనులకు వచ్చి స్థిరపడినవారు. నా తమ్ముడు ఆ గనిలోనే పనిచేశాడు. 2001లో గని మూతపడింది. అనేకులు తెల్లవారుజామున బెంగుళూరు రైలు ఎక్కి కూలి వెదుకుకొన్నారు. వాడు ఇంటిలో కూర్చుండిపోయాడు. నిద్ర లేదు, ఆకలి లేదు. తాను కుటుంబమునకు శాపమని అంటూ ఉండేవాడు. మా మరదలు ధైర్యము చేసి బెంగుళూరులోని ఆసుపత్రికి తీసుకొనిపోయింది. మాత్రలు ఇచ్చారు. మొదటి రెండు మూడు వారములు ఏ తేడా కనబడలేదు, అటు తరువాత నెమ్మదిగా మనుష్యుడయ్యాడు. ఆదివారము మందిరములో మరల పాట ఎత్తుకొన్నాడు.

ఆ సంవత్సరము మా ఉజ్జీవ కూటములకు బయటినుండి వచ్చిన ఒక బోధకుడు, విశ్వాసము గలవాడు మాత్ర మ్రింగడు అని చెప్పాడు. మా తమ్ముడు లేచి మాత్రల పొట్లము బలిపీఠము దగ్గర పెట్టాడు. అందరు చప్పట్లు కొట్టారు. నేనును కొట్టాను. సాక్ష్యము చెప్పుమని వాని చెయ్యి పట్టి ముందుకు నడిపించినవాడిని నేనే. మూడవ నెలలో వానిని పోగొట్టుకోబోయాము. ఇరుగుపొరుగువారు చూడబట్టి వాడు ఈ దినమున సజీవముగా ఉన్నాడు. మరల మందు మొదలుపెట్టాడు. నన్ను వాడు ఎన్నడును ఒక మాట అనలేదు. అనివుంటే నాకు కొంత తేలికగా ఉండేది.

గనుక ఈ ప్రశ్న నాకు పుస్తకములోనిది కాదు. మనస్సు రోగగ్రస్తమగుట అవిశ్వాసమా?

ఏలీయాను చూడండి. కర్మెలు మీద అంత గొప్ప జయము పొందిన వెంటనే బదరీవృక్షము క్రింద పడి, చావు కోరుకొన్నాడు. దేవుడు అతనిని గద్దించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు, రొట్టె నీళ్ళు ఇచ్చాడు, మరల నిద్రపోనిచ్చాడు, మరల భోజనము పెట్టాడు. మాటలాడినది ఆ తరువాత, నలువది దినముల ప్రయాణము అయిన పిమ్మట. మనమైతే మొదటి పూటే ప్రసంగము మొదలుపెడతాము. ఎనుబది ఎనిమిదవ కీర్తన చదవండి. చీకటితో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర ఒక్క స్తోత్రము కూడ లేదు. అయినను దానిని వేదములోనుండి ఎవరును తీసివేయలేదు.

ఇవి దయ్యముల పని కాదా అని అడిగేవారు ఉన్నారు. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయములో దయ్యము పట్టినవారిని ఒక పేరున, చాంద్రరోగులను వేరొక పేరున, పక్షవాయువు గలవారిని ఇంకొక పేరున చెప్పాడు. పదునేడవ అధ్యాయములోని బాలుని సంగతి ఏమి అంటారు. నిజమే, అక్కడ రెండును కలిసి ఉన్నవి. అక్కడ వేరుచేసి చూడగలిగినవాడు యేసు ప్రభువు. ఆ చూపు నాకు ఉన్నదని తమ్ముని చెయ్యి పట్టుకొని నడిపించిన నాడు నేను అనుకొన్నాను.

మన బాప్తిస్టులలో స్పర్జన్ కంటె గొప్ప ప్రసంగీకుని చెప్పలేము. 1856 అక్టోబరు 19న లండనులోని సర్రే గార్డెన్స్ హాలులో ఆయన ఆరాధన జరిపిస్తుండగా ఎవరో నిప్పు అని అరిచారు. త్రొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది రెండేండ్లు. కొన్ని దినములు మతి తప్పినట్టే అయ్యాడు. 1892లో చనిపోయే వరకు ఆ క్రుంగుదల వస్తూ పోతూనే ఉన్నది. తన విద్యార్థులకు దానిని దాచక చెప్పాడు. మన వేదికలమీద స్పర్జన్ మాటలు వాడుకొనేవారు ఈ సంగతి చెప్పుట నేను వినలేదు.

దాచుకొనుటకు కారణము సిగ్గు. మద్రాసులో ఎవరినైన హేళన చేయవలెనంటే కీల్పాక్ కేసు అంటారు, హైదరాబాదులో ఎర్రగడ్డ అంటారు. ఆ కీల్పాక్ ఆసుపత్రి మూలము 1794 నాటిది, డొరతీ కుమారుడు పోయిన సంవత్సరమే. ఇన్నేండ్లలో వైద్యము ఎంతో మారింది గాని నోటి మాట మారలేదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగష్టు 6న నిప్పు అంటుకొన్నప్పుడు గొలుసులతో కట్టబడిన 28 మంది రోగులు పారిపోలేక చనిపోయారు. అది ఇతరుల స్థలమని మనము వ్రేలు చూపరాదు. దేవుడు బాగుచేస్తాడని కట్టివేసి కూర్చొనుట ఏ మతములోనైన ఒకటే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనస్సు బాగులేనివారిని గొలుసులతో కట్టుటను నిషేధించినది.

మనవంటి వలస సంఘములకు ఇంకొక సంగతి ఉన్నది. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో మాట్లాడుతారు. బజారులో మనమును అంతే. గాని గుండెలో మాట వచ్చేది తెలుగులోనే. డాక్టరు కన్నడములో అడిగితే మా మరదలు తలనొప్పి, నీరసము అని మాత్రమే చెప్పగలిగింది. లోపల ఏదో పీకుతున్నది, బ్రదుకు మీద రుచి పోయింది అని తమ్ముడు చెప్పినదంతా ఇంటిలోనే మిగిలిపోయింది. గనుక ఆ మాటలు మొదట వినబడే స్థలము మన ప్రార్థన కూటమే. పాస్టరుగారి భార్య, స్త్రీల సమాజము పెద్దమ్మలు, వీరు వైద్యునికంటె ముందుగా వింటారు. విన్నవారు వెంట వెళ్ళి, తెలుగులో చెప్పినదానిని ఆ భాషలో డాక్టరుకు చెప్పగలిగితే అదియు పరిచర్యయే. 2022 అక్టోబరులో ప్రభుత్వము టెలి మానస్ అనే ఫోను సహాయము ప్రారంభించినది. 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును, డబ్బు అక్కర లేదు. మందిరము నోటీసు బోర్డుమీద ఆ అంకె వ్రాయుటకు కమిటీ తీర్మానము కూడ అవసరము లేదు.

ప్రార్థన మానుమని నేను చెప్పుట లేదు. మధుమేహమునకు ఇన్సులిను వేసుకొనే సహోదరి కొరకు ప్రార్థిస్తాము, సూది పారవేయుమని చెప్పము. తిమోతి కడుపు నొప్పికి పౌలు వైద్యము చెప్పాడు, లూకాను వైద్యుడని ప్రేమతో పిలిచాడు. మాత్రకు ప్రార్థనకు తగవు పెట్టినది మనమే.

మా బుధవారపు కూటములో ఒక తల్లి ఉన్నారు. ఎన్నో ఏండ్లుగా ప్రతి వారము "మా అబ్బాయికి తలనొప్పి, జ్ఞాపకము చేసుకోండి" అని అడుగుతారు. మేమును అట్లే ప్రార్థిస్తూ వచ్చాము. ఆ అబ్బాయి ఆరేండ్లుగా గది దాటి రాలేదని మాకు తెలుసు, మాకు తెలుసునని ఆమెకు తెలుసు. పోయిన నెలలో కూటము అయిన తరువాత మా తమ్ముడు ఆమె దగ్గరకు వెళ్ళి, "అమ్మా, నేను ఈ మాత్ర వేసుకొంటాను, ఇన్ని ఏండ్లుగా" అని జేబులోనుండి తీసి చూపించాడు. ఆమె చాలసేపు దానిని చేతిలో పట్టుకొని చూచి, ఆసుపత్రికి ఏ బస్సు ఎక్కవలెనో అడిగారు.