ఊరి పాట, ఊరి కోసం

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన సినీ గాయకుడు ఘంటసాల, విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో జోలె పట్టి, ఇంటింటా అడిగిన అన్నంతో బతికారు. ఆ ముద్దలు పెట్టిన తల్లుల్లో చాలామంది పేర్లు మనకు తెలియవు. ఆ గొంతు మాత్రం ప్రతి తెలుగింటికీ చేరింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేస్తే, ఈ కృష్ణా జిల్లాలోనే పుట్టిన సినీ నటులు ఎన్టీఆర్, ఏయన్నార్ బాధితుల కోసం అలాంటి జోలెనే పట్టి జనంలోకి వెళ్లారు.

పాటనూ జోలెనూ మనమూ ఒకచోట చేర్చవచ్చు. ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లకు ఎంతమంది వస్తారో మీకు తెలుసు. అక్కడో, మీ ఊరి శ్రీరామనవమి పందిట్లోనో, ఒక్క సాయంత్రం స్థానిక హరికథకులకూ భజన బృందాలకూ ఇవ్వండి. పక్కనే హుండీ పెట్టండి. డబ్బు బడి పిల్లల మంచినీళ్లకా, ఒంటరి వృద్ధుల మందులకా, ముందే చెప్పండి. మర్నాడు లెక్క పంచాయతీ గోడకు అంటించండి. పాడినవారి సంభావనలో మాత్రం కోత పెట్టకండి.