బొమ్మ కింద పేరు

మేం రోజూ ఒక ముఖం గీస్తాం. డోలు కొట్టే కోయ పెద్దలు, కిక్రీ వాయించే పర్ధాన్ తాతలు, గుస్సాడీ ఆడేవాళ్లు. మొదట్లో నెమలి ఈకల టోపీలే బాగా కుదిరేవి, ముఖాలన్నీ ఒకేలా ఉండేవి. బయటివాళ్లు గీసినట్టే మేమూ గీశామని సిగ్గుపడ్డాం.

ఇప్పుడు ముందు అడుగుతాం. కూర్చుని పాట వింటాం. ఆ తర్వాతే పెన్సిల్ పడతాం.

2022లో పద్మశ్రీ వచ్చాక సకిని రామచంద్రయ్య పేరు లోకానికి తెలిసింది. ఆయన డోలు అంతకుముందూ మోగింది. పేరు తెలియని డోళ్లు ఇంకెన్నో!

మరి గీసిన ముఖం ఎవరిది? గీసినవాళ్లది కాదు, ఆ మనిషిదే. అందుకే మన సంతకం కంటే ముందు వాళ్ల పేరు రాద్దాం. బొమ్మ వాళ్లకే చూపిద్దాం. "ఇది నేను కాదు బిడ్డా" అంటే మళ్లీ గీద్దాం.